బావ మీద వేసిన కేసు

నేను నా జీవితంలో ఒక్క మనిషి మీదే కేసు వేశాను. ఆయన్ని పదకొండేళ్ళపాటు బావ అని పిలిచాను.

మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మాది కృష్ణా జిల్లా. ఎనభైల మొదట్లో, నర్సింగ్ చదువు పూర్తయ్యాక గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ దవాఖానలో ఉద్యోగం వస్తే, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని రామగుండం స్టేషన్లో దిగాను. ఈ ప్రాంతంలో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాట కూడా కొత్తే. మొదటి వారంలో ఒక కార్మికుడు "బుగులైతున్నది సిస్టరమ్మా" అన్నాడు. ఎక్కడ నొప్పిగా ఉందని అడిగాను. పక్క మంచం దగ్గర జ్వరం చూస్తున్న సీనియర్ నర్సు నవ్వింది. "బుగులంటే భయం. నొప్పి గాదు. చెయ్యి పట్టుకోని ధైర్యం చెప్పు, సాలు" అంది. నేను అక్క అని పిలవడం మొదలుపెట్టింది ఆమెనే.

అక్కది కరీంనగర్ పక్కన ఒక ఊరు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. కంపెనీ క్వార్టర్లో భర్తతో, కూతురితో ఉండేది. ఆయన చిన్న కాంట్రాక్టరు. క్వార్టర్ల రిపేర్లు, ప్రహరీ గోడలు, మురికి కాలవలు చేయించేవాడు. మొదటి ఆదివారం అక్క నన్ను భోజనానికి పిలిచింది. రెండో ఆదివారం పిలవలేదు, అయినా వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి ఆయన "ఏంది చెల్లె, ఇంత ఆలస్యం? అన్నం సల్లారిపోయింది" అన్నాడు. ఆ తర్వాత నాకు వారపు సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు వాళ్ళింట్లోనే గడిపేదాన్ని. వాళ్ళ పాపకు జడలు వేసేదాన్ని. అది నన్ను చిన్నమ్మా అనేది.

నేను పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథ ఏమీ లేదు. నాన్న తొందరగా పోయారు. తమ్ముళ్ళ చదువులు నా జీతం మీద నడిచాయి. వాళ్ళు స్థిరపడేసరికి నా పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేకపోయారు. నేనూ ఎత్తలేదు. నర్సుల క్వార్టర్లో నాతోపాటు గదిలో ఉండడానికి కొత్త పిల్లలు వచ్చేవాళ్ళు, పెళ్ళి కుదిరి వెళ్ళిపోయేవాళ్ళు. అలా ఎనిమిది మంది వెళ్ళారు. సెలవుల్లో తమ్ముళ్ళ ఇంటికి వెళితే హాల్లో పడక వేసేవాళ్ళు. పొద్దున పిల్లలు స్కూలుకి తయారయ్యేలోపు నా పరుపు చుట్టేయాలి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ నేను లేచేదాకా ఆ ఇంట్లో అందరూ నా కోసం ఆగుతున్నట్టుండేది.

అందుకే ఇల్లు కట్టుకోవాలనిపించింది. రామగుండం స్టేషన్ వైపు వెళ్ళే దారిలో, పట్టా భూమిలో ప్లాట్లు వేస్తే ఒక చిన్నది కొన్నాను. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. అంతే నా కోరిక.

కాగితం మీద గీసుకుని వెళ్ళి బావకు చూపించాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, వంటింటి కిటికీ ఎటు ఉండాలో పెన్సిల్‌తో మార్చాడు. "నేను కడత చెల్లె. నువ్వు డ్యూటీ చేస్కో, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

"అగ్రిమెంటులాంటిదేమైనా రాసుకుందామా బావా? బ్యాంకులో అడుగుతారేమో" అన్నాను.

"అగ్రిమెంటు ఎందుకు? మనం బయటోళ్ళమా?"

ఇప్పుడు తలచుకుంటే, ఆయన ఆ మాట మోసం చేయాలని అనలేదనే అనిపిస్తుంది. ఈ ఊళ్ళో నన్ను బయటి మనిషి కాదన్నవాళ్ళు అంతవరకూ లేరు. ఆ ఒక్క మాట కోసం ఇంకో పది కాగితాలైనా వదులుకునేదాన్ని.

గోడలు చలికాలంలో లేచాయి. బాగానే లేచాయి. స్లాబు వేసేసరికి మే నెల వచ్చింది. ఈ ప్రాంతంలో మే అంటే తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదికే రోడ్డు మీద మనుషులు కనిపించరు. స్లాబు రోజు తెల్లవారకముందే కూలీలు దిగారు. కాంక్రీటు కలిపే మిల్లర్ చప్పుడు, తలల మీద తట్టలు, ఆడవాళ్ళ కేకలు. అక్క సెలవు పెట్టి వచ్చి, ప్లాటు పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టి అందరికీ మాంసం కూర, అన్నం వండింది. నేను గిన్నెలు అందించాను. మధ్యాహ్నానికి పని ముగిసింది. బావ పైనుంచి "చెల్లె, నీ నెత్తి మీద కప్పు పడ్డది" అని అరిస్తే కూలీలందరూ నవ్వారు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

రెండు రోజుల తర్వాత అమ్మకు బాగాలేదని టెలిగ్రాం వచ్చింది. ఊరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పదిహేను రోజులు గడిచాయి. స్లాబు కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగు రేకులు, గుంజలు ఏవీ లేవు. గది ఖాళీగా, శుభ్రంగా ఉంది.

"అప్పుడే తీసేశారా బావా?" అన్నాను.

"ఈ ఎండలకు జల్ది గట్టిపడ్డది. రాయి లెక్క అయింది, పైకెక్కి ఎగురు" అన్నాడు.

నమ్మాను. ఎండకు తొందరగా ఎండిన సిమెంటుకు బలం రాదని, మూడు వారాలు నీళ్ళు నిలబెట్టి తడపాలని నాకప్పుడు తెలియదు. రోగి పుండుకు ఎన్నాళ్ళు కట్టు ఉంచాలో తెలుసు కానీ, స్లాబు సంగతి తెలియదు.

వానలు మొదలవకముందే ఇంట్లో చేరాను. మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం పడింది. వరండాలో కూర్చుని చూస్తున్నాను. లోపల ఏదో చప్పుడైతే వెళ్ళి చూశాను. ఫ్యాను కొక్కెం చుట్టూ తడి గుండ్రంగా పాకుతోంది. దాని నుంచి నీళ్ళు మంచం మీదికి కారుతున్నాయి. మంచం జరిపి బక్కెట్టు పెట్టాను. కాసేపటికి ఇంకో గిన్నె. సాయంత్రానికి వంటింటి గిన్నెలన్నీ నేల మీదే ఉన్నాయి.

బావ మర్నాడే వచ్చాడు. పైన సిమెంటు పూత వేయించాడు. తర్వాతి వానకు మళ్ళీ కారింది. నల్లటి మందేదో పూయించాడు. మళ్ళీ కారింది. ఆ చలికాలంలో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి పైకప్పు పెచ్చు ఊడి, నా దిండు మీద పడి ఉంది. అరచేయంత వెడల్పు. పైకి చూస్తే తుప్పు పట్టిన ఇనుప సలాక బయటికి కనిపిస్తోంది. స్లాబు మధ్యలో కిందికి వంగినట్టుగా ఉంది. నా కళ్ళు అలా చూస్తున్నాయేమోననుకున్నాను.

మా దవాఖానలో కాలు విరిగి మూడు నెలలు ఉండి వెళ్ళిన ఒక టింబర్‌మన్ ఉండేవాడు. గని లోపల పైకప్పుకు కర్ర గుంజలు నిలబెట్టడం ఆయన పని. అప్పటికి రిటైరయ్యాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. మాతో ఆయన తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడేవాడు. కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు విషయం చెప్పాను. ఆ సాయంత్రమే ఇనుప కడ్డీ పట్టుకుని వచ్చాడు. గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి నిలుస్తుందో లేదో చెబుతారట. గోడ పక్కన కొట్టాడు, గట్టిగా మోగింది. మధ్యకు వచ్చి కొట్టాడు, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు పలికింది. ఇంకోచోట కొట్టాడు. కడ్డీ దించేశాడు.

"సిస్టరమ్మా, గనిల గిట్ల మోగితే నా మనుషులను లోపలికి పంపకపోతుంటి. మీరు దీని కింద పండుకుంటున్నరా?"

రెండు రోజుల్లో అయిదు కర్ర గుంజలు తెచ్చి గది మధ్యలో నిలబెట్టాడు. కూలి ఇస్తే తీసుకోలేదు. "కాలు మంచిగ చేసిన్రు గద" అన్నాడు. అప్పటి నుంచి రెండేళ్ళకు పైగా ఆ గుంజల మధ్యే తిరిగాను. మంచం గోడ పక్కకు జరిపాను. చీకట్లో లేచినప్పుడు భుజం తగిలేది. కొన్నాళ్ళకు తగలకుండా నడవడం అలవాటైంది.

బావను పిలిచాను. రాలేదు. మూడోసారి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన బయటే నిలబడి మాట్లాడాడు. లోపలికి రమ్మనలేదు.

"ఓపెన్ కాస్టుల దినాం మందు పేలుస్తున్నరు. భూమి అదురుతున్నది. నా స్లాబేం చేస్తది చెల్లె?"

నిజమే, మధ్యాహ్నం పూట ఆ ఉపరితల గనిలో బొగ్గు కోసం బాంబులు పేల్చినప్పుడు ఊళ్ళో కిటికీలు గలగలమనేవి. కానీ నా గోడలకు వెంట్రుకవాసి పగులు కూడా లేదు. ఆ మాటే అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నాకే నేర్పుతవా? సిమెంటు మంచిది తెమ్మంటే అగ్గువదని నువ్వే తెచ్చుకున్నవ్" అన్నాడు. చౌకదీ కాదు, ఖరీదైనదీ కాదు, నేను సిమెంటు బస్తా ఒక్కటి కూడా కొనలేదు. అక్క తలుపు వెనక నిలబడి ఉంది. పాప కూడా.

మర్నాడు వార్డులో అక్కను పక్కకు పిలిచి అడిగాను. సూదులు ఉడకబెట్టే గిన్నె వైపు చూస్తూ, "ఇంటి సంగతి దవాఖానల మాట్లాడకు" అంది. మరి ఎక్కడ మాట్లాడాలి? వాళ్ళ ఇంటికి వెళ్ళే దారి నాకప్పటికే లేదు. ఆ తర్వాతి ఆదివారం ఏం చేయాలో తోచక, వండుకున్నది తినకుండా పారేసి, సాయంత్రం దాకా గోదారి ఒడ్డున కూర్చుని వచ్చాను.

ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదగానే కుర్చీ చూపించి, అంతా విని, "ఇది సివిల్ మేటరమ్మా. మేం కేసు పెడితే నిలవదు, అది ఆయనకే లాభం" అన్నాడు. తర్వాత కార్మిక సంఘంలో పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టించాను. కాగితం ఉందా అని అడిగారు. లేదన్నాను. "అయితే ఆయన ఇంకోసారి పూత పూస్తడు, నువ్వు ఊకో. ఆడమనిషివి, ఒక్కదానివి, ఎందుకు లొల్లి" అన్నారు. బావ తల ఊపాడు. ఆ పూత కూడా వేయలేదు.

చివరకు కరీంనగర్ వెళ్ళాను. కోర్టు ఎదురుగా ఒక చిన్న గదిలో ముసలి వకీలు ఉండేవాడు. దవాఖానలో ఒక రోగి చెబితే వెళ్ళాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన వేరుసెనగ కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. వింటున్నాడో లేదో తెలియలేదు. అంతా అయ్యాక చేతులు దులుపుకుని మాట్లాడాడు.

"మూడు తొవ్వలున్నయమ్మా. ఒకటి, మోసం కేసు. పని మొదలుపెట్టినప్పుడే ముంచుదామనే మనసున్నదని చూపియ్యాలె. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది లేదు. రెండోది సివిల్ దావా. నష్టం ఎంత అడిగితే దాన్ని బట్టి కోర్టు ఫీజు. మూడేండ్ల లోపల వెయ్యాలె. వేసినంక ఎన్నేండ్లు నడుస్తదో నేను చెప్పలేను, నా ఈడు చూస్తున్నవ్ గద. మూడోది వినియోగదారుల ఫోరం. చట్టం మార్చి ఇండ్లు కట్టుడు గూడ అందులకు తెచ్చిన్రు. కోర్టు ఫీజు లేదు. వకీలు లేకున్నా నడుస్తది."

"కాగితం లేదండీ" అన్నాను.

"పైసలు చేతికిచ్చినవా?"

"లేదు. చెక్కులే. బ్యాంకు లోను కదా."

"ఆయన పేరు మీద ఇచ్చినవా? మరి అదే కాయితం. ఆయన చేత్తోని రాసినవి ఇంకేమన్న ఉన్నయా?"

నా ఇంటి బొమ్మ మీద పెన్సిల్‌తో రాసిన కొలతలు గుర్తొచ్చాయి. స్లాబు అయిదంగుళాల మందమని, సలాకలు ఎంత దూరంలో వేయాలో, సిమెంటు ఎన్ని బస్తాలు తాను తేవాలో, అన్నీ దాని వెనక ఆయన చేతిరాతే. దాన్ని నేను దాచుకున్నది కేసు కోసం కాదు. నా ఇంటి మొదటి బొమ్మ అని దాచుకున్నాను.

వకీలు చెప్పినవన్నీ చేశాను. స్లాబును ముట్టుకోవద్దన్నాడు, రిపేరు చేస్తే సాక్ష్యం పోతుందట. ఫోటో స్టూడియో అతన్ని పిలిపించి పెచ్చులూడిన చోట్లు, గుంజలు అన్నీ తీయించాను. రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాం, పదిహేను రోజుల్లో స్లాబు విప్పి మళ్ళీ వేయాలని. తిరిగొచ్చిన రసీదు మీద సంతకం అక్కది. బావ పని మీద ఎక్కడో ఉంటే ఆమే తీసుకున్నట్టుంది. ఆ గుండ్రటి సంతకాన్ని నేను రోజూ వార్డు రిజిస్టర్లో చూసేదాన్ని. ఆ వారం అంతా ఆమె నాతో మాట్లాడలేదు. ఇంజక్షన్ ట్రే అందించేటప్పుడు కూడా బల్ల మీద పెట్టి పక్కకు జరిగేది.

నోటీసుకు జవాబు రాలేదు. ఫోరంలో ఫిర్యాదు వేశాను.

వాయిదాలంటే ఏమిటో అప్పుడు తెలిసింది. సెలవు రోజు చూసుకుని పొద్దున్నే బస్సెక్కి, పెద్దపల్లి, సుల్తానాబాద్ మీదుగా కరీంనగర్ చేరేదాన్ని. అద్దె భవనంలో ఫోరం. వరండాలో బెంచీ. చాలాసార్లు, ఇవాళ సభ్యులు రాలేదు, ఇవాళ ఎదుటి పార్టీ గడువు అడిగింది, అంటూ ఇంకో తేదీ రాసిచ్చేవాళ్ళు. ఆ బెంచీ మీద నాలాంటివాళ్ళు కూర్చునేవాళ్ళు. అందరికీ పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు: భర్తో, అన్నో, పక్కింటివాడో. వాళ్ళు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తినేవాళ్ళు. నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చునేదాన్ని. ఇంటికి తిరిగొచ్చాక ఇవాళ ఏమైందని అడిగేవాళ్ళు లేరు. తమ్ముళ్ళకు ఉత్తరం రాస్తే, "ఎందుకు అక్కా ఆ తలనొప్పి, అమ్మేసి వచ్చెయ్" అని పెద్దవాడు జవాబిచ్చాడు. ఎక్కడికి రావాలో రాయలేదు.

బాంబుల వల్లే పగిలిందని బావ లిఖితంగా చెప్పాడు. దానికి కంపెనీ సర్వే ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. మా ప్లాటు కింద గని లేదని, పేలుళ్ళు జరిగేచోటు చాలా దూరమని లెటర్ ఇచ్చారు. ఫోరం ఒక ప్రభుత్వ ఇంజనీరును పంపింది. ఆయన గుంజల మధ్య వంగి నడుస్తూ, స్లాబును రెండుచోట్ల చిన్నగా కొట్టించి చూశాడు. అయిదంగుళాలు ఉండాల్సినచోట నాలుగుకు తక్కువ. సలాకలు దూరదూరంగా. "భూమి అదిరితే ముందు గోడలు పగలాలమ్మా. గోడలు బాగున్నాయి, స్లాబే వంగింది. బరువు ఆపే బలం రాకముందే కింద ఆసరా తీసేసినట్టున్నారు" అన్నాడు. రిపోర్టు రాసిచ్చాడు.

అప్పుడు బావ మాట మార్చాడు. సిమెంటు నేనే తెచ్చానని, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడుతోందని సెంట్రింగు నేనే తీయించానని, దానికి తన భార్యే సాక్ష్యమని అన్నాడు.

ఆ వాయిదాకు అక్క వచ్చింది. ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. బెంచీ మీద నాకు మూడడుగుల దూరంలో కూర్చుంది. చేతిలో రుమాలు మడతలు పెడుతూ విప్పుతూ ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. నన్ను అబద్ధాల మనిషిని చేయడానికి వచ్చిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, చేస్తే కోపం రాదనిపించింది. ఆమె ఆ ఇంట్లో బతకాలి కదా.

లోపల ముగ్గురు సభ్యులు బల్ల వెనక కూర్చున్నారు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, ప్రమాణం చేయించి, తానే అడిగారు.

"ఆ ఇంటికి మీరు వెళ్తుండేవారా అమ్మా?"

"పోతుంటి. స్లాబు నాడు వంట నేనే చేసిన."

"సెంట్రింగు ఎప్పుడు తీశారో గుర్తుందా?"

అక్క రుమాలు మడత విప్పింది. బావ ఆమె వైపు చూస్తున్నాడు.

"ఏడో దినం తీసిన్రు."

"ఎవరు తీయమన్నారు? ఈమేనా?"

"ఈమె అప్పుడు ఊళ్ళె లేదు. వాళ్ళమ్మకు పానం బాగలేక పోయింది. నేనే బస్సెక్కించిన." రుమాలు మళ్ళీ మడిచింది. "ఆయన జ్యోతినగర్ల ఇంకో పని ఒప్పుకున్నడు. రేకులు గక్కడ కావాల్సి వచ్చినయ్. కూలోళ్ళు వద్దన్నా వినలేదంట."

"సిమెంటు?"

"మా ఇంటి వరండలనే దింపిన్రు."

బావ తల దించుకున్నాడు. ఆయన వకీలు ఏదో అడగబోయి కూర్చుండిపోయాడు.

బయటికి వచ్చాక వరండా చివర నీళ్ళ కుండ దగ్గర అక్క కనిపించింది. దగ్గరికి వెళ్ళాను. "అక్కా" అన్నాను.

"నీ కోసం చెప్పలే" అంది, నా వైపు చూడకుండా. "ప్రమాణం చేసి అబద్ధం చెప్పొస్తలేదు నాకు. నీ దిక్కు నిలబడ్డననుకోకు. నువ్వు ఆయన్ని కోర్టుకు గుంజినవ్. నేను నిన్ను చెల్లె అనుకున్న."

"పైకప్పు నా మీద కూలుతుందక్కా. నేనేం చేయాలి?"

"నాకేం ఎరుక." గ్లాసు కుండ మీద బోర్లించింది. "ఇద్దరూ నాకు చెప్పకుంటనే చేసిన్రు. ఆయన సెంట్రింగు తీసుడు, నువ్వు నోటీసు పంపుడు."

నోటీసు పంపే ముందు ఆమెకు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

గోదావరిఖని వెళ్ళే బస్సు అప్పటికి ఒక్కటే ఆగి ఉంది, నాలుగింటిది. ముగ్గురం అదే ఎక్కాం. అక్క ముందు ఆడవాళ్ళ సీట్లో, బావ వెనక, నేను మధ్యలో. బస్టాండులో మేము ఒకరి వెనక ఒకరం ఎక్కడం చూసిన కండక్టరు టిక్కెట్లు కొడుతూ నన్ను అడిగాడు, "మీ ముగ్గురికీ కలిపేనా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి బావ "కాదు" అన్నాడు.

రెండు గంటలకు పైగా ప్రయాణం. అక్క తల ఒకటి రెండుసార్లు కిటికీకి ఒరిగింది. ఆమె జడలో అన్ని తెల్ల వెంట్రుకలు ఉన్నాయని నేను అంతకుముందు గమనించలేదు. గోదావరిఖనిలో దిగాక వాళ్ళిద్దరూ కూడా కలిసి నడవలేదు. ఆయన ముందు, ఆమె చాలా వెనక. నేను ఎటు వెళ్ళాలో తెలిసి కూడా కాసేపు బస్టాండులోనే నిలబడ్డాను.

తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. కాంట్రాక్టరు తన ఖర్చుతో స్లాబు విప్పి మళ్ళీ వేయాలి, లేదా అందుకయ్యే సొమ్ము చెల్లించాలి. అప్పీలుకు వెళ్తాడని వకీలు అనుకున్నాడు. వెళ్ళలేదు. సొమ్మూ పంపలేదు. ఒకరోజు పొద్దున కూలీలతో వచ్చి గేటు బయట నిలబడి, "సామాను బయట పెట్టుకో" అన్నాడు. చెల్లె అన్న మాట లేదు. పేరూ లేదు.

అప్పుడు దగ్గరుండి చేయించాడు. పాత స్లాబు పగలగొట్టించాడు. కొత్త సలాకలు నేను చూస్తుండగా కొలిచి కట్టించాడు. స్లాబు పోసినరోజు పొద్దున్నించి సాయంత్రం దాకా గొడుగు కూడా లేకుండా పైనే ఉన్నాడు. నేను మజ్జిగ పట్టుకెళితే కూలీలు తాగారు, ఆయన ముట్టుకోలేదు. తర్వాత ఇరవై ఎనిమిది రోజులు, రోజుకు రెండుసార్లు తానే సైకిల్ మీద వచ్చి నీళ్ళు పట్టి పోయాడు. నిచ్చెన ఎక్కేటప్పుడు ఆయాసపడేవాడు. నర్సును కదా, ఆ ఆయాసం నాకు అర్థమైంది. గుండె చూపించుకొమ్మని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకరోజు చెప్పాను. విననట్టు పైపు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. సెంట్రింగు తీసినరోజు గదులు ఊడ్పించి, తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్ళాడు.

ఆ నెలాఖరుకే అక్క కాసిపేట వైపు కంపెనీ దవాఖానకు బదిలీ అడిగి, ఇల్లంతా సర్దుకుని వెళ్ళిపోయింది. సెండాఫ్‌కు అందరం నిలబడి ఫోటో దిగాం. ఆమె ఒక చివర, నేను ఇంకో చివర. పాప అప్పటికి పెద్ద చదువుకు వచ్చింది. ఊరు వదిలేదాకా బజార్లో ఎదురైతే చిన్నగా తల ఊపి వెళ్ళేది. చిన్నమ్మా అని పిలవలేదు.

ఇల్లు గట్టిగా ఉంది. ఎన్నో వానలు చూసింది. కొత్త స్లాబు కింద మొదటి వాన కురిసినప్పుడు అలవాటుగా గిన్నెలన్నీ తీసి నేల మీద పరిచి, వాటి మధ్య కూర్చుని ఎదురుచూశాను. ఒక్క చుక్క పడలేదు. సంతోషించాల్సిందే. కానీ "కారడం లేదు" అని చెప్పడానికి నాకు ఈ ఊళ్ళో తెలిసిన తలుపు ఒక్కటే ఉండేది. ఆ తలుపు తట్టే వీలు నాకు లేదు. లేచి గిన్నెలు ఎక్కడివక్కడ పెట్టేశాను.

నాలుగైదేళ్ళ తర్వాత ఒక రోగిని అంబులెన్సులో కాసిపేట వైపు దవాఖానకు తీసుకువెళ్ళాల్సి వచ్చింది. వార్డులో అక్క డ్యూటీలో ఉంది. కళ్ళజోడు వచ్చింది. ఇద్దరం కలిసి రోగిని స్ట్రెచర్ మీంచి మంచం మీదికి మార్చాం. ఒకే లెక్కన ఎత్తాం, ఏళ్ళ తరబడి కలిసి చేసిన పనే కదా. బీపీ ఎంతుందో, ఏ మందులిచ్చామో చెప్పాను. ఆమె రాసుకుంది. బావ ఎలా ఉన్నాడని అడిగాను.

"గుండెకు మందులు వాడుతున్నడు. పని బంద్ చేసిండు." కలం మూత పెట్టింది. "ఇల్లు మంచిగున్నదా?"

"బాగుందక్కా. ఒకసారి రా."

ఆమె నా ముఖంలోకి చూసింది, నోటీసు పంపిన తర్వాత మొదటిసారి. "ఆయన బతికున్నన్ని రోజులు రాలేను. ఏమనుకోకు" అంది. ఆ తర్వాత, రోగికి సెలైన్ పెట్టాలంటూ పిలుపు వస్తే వెళ్ళిపోయింది.

అది కోపంతో అన్న మాట కాదు. తీర్పు లెక్కలో ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలుసు. నేను అంబులెన్సులో ముందు సీట్లో కూర్చుని, ఖాళీ స్ట్రెచర్‌తో వెనక్కి వచ్చాను.